పదడుగుల దూరానికి ఏ తుపాకీ?

కాస్త పొడుగ్గానే రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి. ఆదివారం సర్వసభ్య సమావేశానికి వచ్చే ముందే చదివితే ఇంకా మంచిది.

పోయిన నెల మన వర్తకుడొకాయన కుందులి సంత ముగించుకుని వస్తుంటే, చీకటి పడ్డాక ఇద్దరు మనుషులు బండి ఆపి, కత్తి చూపించి, డబ్బు సంచి లాక్కుపోయారు. ఆయన క్షేమంగా ఇల్లు చేరాడు. అదే పదివేలు. కానీ ఆ రాత్రి నుంచి మన గ్రూపు తుపాకుల కొట్టయిపోయింది. రివాల్వరా, పిస్టలా? కాన్పూరు సరుకా, ఇషాపూరు సరుకా? సీసం గుండా, తొడుగు గుండా? రాత్రి రెండింటికి కూడా ఇవే మెసేజీలు. ఇప్పుడు ఏకంగా తీర్మానం ముసాయిదా తిరుగుతోంది. ఇరవై మంది సభ్యులు ఒకేసారి లైసెన్సుకు దరఖాస్తు పెట్టాలట. సంఘం లెటర్‌హెడ్ మీద కలెక్టరు గారికి సిఫారసు ఇవ్వాలట.

ఆ తీర్మానాన్ని మేము వ్యతిరేకిస్తున్నాం. అక్కడ లేచి రెండు మాటలు చెప్పి కూర్చుంటే గోలలో కలిసిపోతాయి. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

ముందుగా, మీరు అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతాం. తుపాకీ సంగతి తెలియక భయపడుతున్నారని రేపు ఎవరూ అనకూడదు.

సైన్యం, పోలీసులు వాడే 9 ఎం.ఎం. తూటా పట్టే పిస్టలు మనలాంటి మామూలు మనుషులకు నిషిద్ధం. సినిమాలో చూసి అడిగేవాళ్ళు అక్కడే ఆగిపోవాలి. మనకు లైసెన్సు మీద దొరికేది ముఖ్యంగా .32 బోరు. అందులో రివాల్వరు ఉంది, పిస్టలు ఉంది. రివాల్వరుకి ఆరు గదుల చక్రం ఉంటుంది. ఒక తూటా పేలకపోతే మళ్ళీ ట్రిగ్గరు నొక్కగానే తర్వాతది ముందుకొస్తుంది. పిస్టలుకి మేగజైను, స్లైడు, సేఫ్టీ ఉంటాయి. తూటా ఇరుక్కుంటే రెండు చేతులూ కావాలి, సాధన కావాలి, కంగారు పడకూడదు. కాబట్టి కొత్తవాడికి రివాల్వరే నయమని గ్రూపులో మన తమ్ముడొకడు రాసింది నిజమే. కాన్పూరు ఫ్యాక్టరీ 2014 జనవరిలో ‘నిర్భీక్’ అనే .32 రివాల్వరు తెచ్చింది. బరువు అరకిలో. ఆడవాళ్ళ రక్షణ కోసమని ప్రచారం చేశారు. అప్పట్లోనే దాని ధర సుమారు లక్షా ఇరవై రెండు వేలు. ఏ ఆడకూతురు అంత డబ్బు పెట్టి కొనుక్కోగలదో ఆ ప్రకటన రాసినవాళ్ళకే తెలియాలి.

ఇక తూటా. మన .32 రివాల్వర్లలో వేసేది అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ 1896లో తెచ్చిన నమూనా. నూట పాతికేళ్ళు దాటిన సరుకు. మిగతావాటితో పోలిస్తే నెమ్మదిగా పోయే సీసం గుండు. తగిలినవాడు సినిమాలోలాగా గాల్లోకి ఎగిరి పడడు. ఎక్కడ తగిలిందన్నదే లెక్క. అలాగని ఆటబొమ్మ అనుకోవద్దు. గురి తప్పితే ప్లైవుడ్ అడ్డుగోడ దాన్ని ఆపలేదు. మన కొట్ల వెనకే మన ఇళ్ళు. అడ్డుగోడ అవతల పిల్లలు పడుకుని ఉంటారు.

కంపెనీలు, బోర్లు, తూటాలు, వీటి గురించి చెప్పుకోవలసింది ఇంతే. ఇంతకు మించి రాత్రి రెండింటిదాకా వాదించుకోవడానికి అందులో ఏమీ లేదు. వాదించుకోవలసింది దూరం గురించి.

అందరూ ఒకే మాట అంటున్నారు: “మనం అడవిలో వేటకు వెళ్ళడం లేదు, పదడుగుల్లో వాడుకోవడానికే కదా, దగ్గరే కదా, గురి ఎందుకు తప్పుతుంది?” మొత్తం పొరపాటు ఈ ఒక్క మాటలోనే ఉంది.

అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ పోలీసుల శిక్షకుడు డెనిస్ ట్యూలర్ 1983లో దీని మీదే ఒక వ్యాసం రాశాడు. కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరం నుంచి పరిగెత్తుకుని మీద పడడానికి సుమారు ఒకటిన్నర సెకను చాలు. శిక్షణ పొందిన పోలీసుకి నడుముకున్న ఒరలోంచి తుపాకీ తీసి కాల్చడానికి కూడా ఇంచుమించు అంతే సమయం పడుతుంది. అంటే 21 అడుగుల లోపల ఉన్నవాడి చేతిలో కత్తి ముందే బయట ఉంటే, తుపాకీ ఉన్న పోలీసుకే దిక్కులేదు.

మన గల్లాపెట్టె ముందు నిలబడే మనిషి మనకి ఎంత దూరంలో ఉంటాడు? నాలుగడుగులు. బండి ఆపినవాడు? చెయ్యి చాపితే తగులుతాడు. అప్పుడు మన రివాల్వరు ఎక్కడుంటుంది? గల్లాపెట్టె సొరుగులో, రసీదు పుస్తకాల కింద. లేదా బండి సీటు కింద. వాడు ముందే కత్తి తీసి వస్తాడు. మనం అప్పుడు వెతుక్కోవాలి. దగ్గరి దూరంలో ఉండే సౌలభ్యమంతా ముందుగా సిద్ధపడి వచ్చినవాడిదే. ఆ వచ్చేవాడు ఎప్పుడూ దొంగే, మనం కాదు.

గురి సంగతి కూడా చూద్దాం. న్యూయార్కు పోలీసుల కాల్పుల మీద ర్యాండ్ అనే పరిశోధన సంస్థ 2008లో నివేదిక ఇచ్చింది. 1998 నుంచి 2006 దాకా లెక్క తీస్తే, ఎదుటివాడు కూడా కాలుస్తున్నప్పుడు పోలీసులు కాల్చిన నూరు గుండ్లలో తగిలినవి 18. ఎదుటివాడు తిరిగి కాల్చనప్పుడు కూడా 30. వాళ్ళు జీతం తీసుకుని శిక్షణ పొందినవాళ్ళు. మనం రోజంతా చింతపండు, వలిసెలు, అల్లం తూకం వేసి, సాయంత్రానికి చెయ్యి వణికే వయసువాళ్ళం. లైసెన్సు పుస్తకంలో రాసినన్ని తూటాలే కొనాలి. సాధనకు ఎన్ని ఖర్చు పెడతారు, ఎక్కడ కాలుస్తారు? మిగిలిన 70, 80 గుండ్లు ఎక్కడికి పోతాయో కూడా ఆలోచించండి. మన బజారు వీధి వెడల్పు ఎంతో మీకు తెలుసు.

ఇప్పుడు చట్టం. రైల్వేలో గుమాస్తా ఉద్యోగం చేసినవాళ్ళకి రూలు పుస్తకం ముందు తెరవడం అలవాటు. ఆ అలవాటుతోనే చూశాం.

1959 ఆయుధ చట్టం 13వ సెక్షన్‌లో ఒక తేడా ఉంది. పొడుగు గొట్టం ఉన్న నున్న బోరు తుపాకీ రక్షణకో వేటకో కావాలన్నా, పంట కాపాడుకోవడానికి మందు కూరే తుపాకీ కావాలన్నా చట్టం ఒక రకంగా చూస్తుంది. రివాల్వరు, పిస్టలు ఆ కోవలోకి రావు. వాటికి దరఖాస్తుదారుడు సరైన కారణం చూపించి అధికారిని ఒప్పించాలి. పోలీసు స్టేషన్ నుంచి నివేదిక రావాలి. ప్రతి మనిషినీ విడివిడిగా చూస్తారు. ఇరవై మంది కట్టగట్టుకుని లెటర్‌హెడ్ పట్టుకెళితే ఇరవై కారణాలు పుట్టవు. పైగా అక్కడ కూర్చున్న అధికారికి ఒక్కటే అర్థమవుతుంది: ఈ సంఘం ఆయుధాలు సమకూర్చుకుంటోంది అని.

లైసెన్సు వచ్చిందనుకుందాం. 2019 సవరణ తర్వాత పెళ్ళిలో ఉత్సాహం ఆపుకోలేక గాల్లోకి కాలిస్తే, పక్కవాడి ప్రాణానికి ముప్పు తెచ్చే ఆ పనికి రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. లైసెన్సు లేని తుపాకీ ఇంట్లో దొరికితే రెండేళ్ళకు తక్కువ కాకుండా అయిదేళ్ళ దాకా జైలు. “లైసెన్సు ఆలస్యమైతే వేరే దారులున్నాయి” అని గ్రూపులో గుసగుసగా రాసిన తమ్ముడు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి. ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులు స్టేషన్‌లో అప్పగించమని నోటీసులు వస్తాయి. చేతుల్లో నగదు ఎక్కువగా తిరిగే రోజులు కూడా అవే.

కాల్చారనుకుందాం. భారతీయ న్యాయ సంహితలో ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 దాకా సెక్షన్లలో ఉంది. మంచి హక్కే. కానీ అవసరానికి మించి హాని చేయకూడదని, పోలీసుల సాయం తీసుకునే వ్యవధి ఉంటే ఆ హక్కు ఉండదని 37వ సెక్షన్ చెబుతుంది. సంచి లాక్కుని పారిపోతున్నవాడి వీపు మీద కాల్చినవాడికి ఆ రాత్రి నుంచి దొంగ సంగతి గుర్తుండదు, వకీలు ఫీజే గుర్తుంటుంది.

ఇంత చెప్పినా కొందరికి తృప్తి ఉండదు. “తుపాకీ ఉందని తెలిస్తే చాలు, ఎవడూ దగ్గరికి రాడు” అంటారు. ఈ మాట ఇంకే ఊళ్ళోనైనా చెప్పండి. కొరాపుట్‌లో చెప్పకండి.

2004 ఫిబ్రవరి 6 రాత్రి ఏం జరిగిందో మన ఊళ్ళో పెద్దవాళ్ళకి చెప్పనక్కరలేదు. కుర్రాళ్ళ కోసం చెబుతున్నాం. మావోయిస్టులు జిల్లా కేంద్రం మీదే పడి, కొరాపుట్ పోలీసు ఆయుధాగారం దోచుకున్నారు. 500కి పైగా తుపాకులు పట్టుకుపోయారు. 2008 ఫిబ్రవరి 15న నయాగఢ్‌లో వెయ్యికి పైగా ఆయుధాలు పోయాయి, పోలీసులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2009 ఏప్రిల్ 12న దామంజోడి దగ్గర పంచపట్మలి బాక్సైట్ గని మీద దాడి జరిగింది. కాపలా ఉన్న సి.ఐ.ఎస్.ఎఫ్. జవాన్లు చనిపోయారు. అక్కడికి వచ్చినవాళ్ళు పేలుడు పదార్థాల కోసం వచ్చారు.

ఇంకా వెనక్కి వెళితే, ఈ ఏజెన్సీలో ఇది వందేళ్ళ నాటి పాఠం. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా మూడు రోజులు దాడి చేసింది తుపాకుల కోసమే. ఆయన త్యాగం వేరు, తర్వాత వచ్చినవాళ్ళ దారి వేరు. రెంటినీ కలపడం లేదు. మేము చెప్పేది ఒక్కటే. ఈ కొండల్లో తుపాకీ కావలసినవాడు తుపాకీ ఉన్న చోటికే వస్తాడు. ఆయుధాగారమే నిలవలేదు, మన గోద్రెజ్ బీరువా నిలుస్తుందా? డబ్బు కోసం వచ్చే దొంగకి డబ్బు ఇస్తే పోతాడు. తుపాకీ కోసం వచ్చేవాడికి ఏమిచ్చి పంపిస్తారు?

ఇప్పుడు ఆ రోజులు కావని మాకూ తెలుసు. రోడ్లు పడ్డాయి, క్యాంపులు వచ్చాయి, అలజడి బాగా తగ్గింది. తగ్గినందుకే అడుగుతున్నాం: అంత అలజడి రోజుల్లో తుపాకీ లేకుండా వ్యాపారం చేసి పిల్లల్ని చదివించుకున్నవాళ్ళం, ఇప్పుడెందుకు కొనాలి?

ఇక అసలు భయం చెబుతాం. గ్రూపులో ఎవరూ రాయని సంగతి ఇది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ నేల విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో ఉండేది. ఒడియా, తెలుగు, కువి, దేసియా మాటలు ఒకే సంతలో వినిపించే ఊళ్ళు మనవి. రాయగడ మజ్జిగౌరమ్మ గుడిలో ఎవరు ఏ భాషలో మొక్కుకున్నా అమ్మవారు వింటుంది. కానీ ఇక్కడ మనం కొనేవాళ్ళం, ఆదివాసీలు అమ్మేవాళ్ళు. తూకం మన చేతిలో ఉంటుంది. ఆ తేడా వల్ల వచ్చే మనస్తాపం ఎంత లోతుగా ఉంటుందో 2009లో నారాయణపట్నలో చూశాం. భూముల కోసం, సారా వ్యాపారానికి వ్యతిరేకంగా చాసీ ములియా ఆదివాసీ సంఘ్ లేచినప్పుడు గిరిజనేతర కుటుంబాలు ఇళ్ళు వదిలి వెళ్ళిపోయాయి. నవంబరు 20న పోలీసు స్టేషన్ దగ్గర కాల్పుల్లో ఇద్దరు ఆదివాసీలు పోయారు. అంతకు ముందు, 2000 డిసెంబరు 16న కాశీపూర్ దగ్గర మైకంచ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు ఆదివాసీలు పోయారు. ఇక్కడి కొండ ఊళ్ళలో తుపాకీ శబ్దానికి ఒక జ్ఞాపకం ఉంది.

ఇప్పుడు “తెలుగు షావుకార్లు ఇరవై మంది తుపాకులు తెచ్చుకున్నారు” అన్న మాట సంతలో పడితే ఏమవుతుంది? దొంగలిద్దరూ భయపడతారో లేదో గాని, తట్ట నెత్తిన పెట్టుకుని పది మైళ్ళు నడిచి వచ్చే ఆడమనిషి మన కొట్టు దాటి పక్క కొట్టుకి వెళుతుంది. ఆ తుపాకీ తన కోసమే అనుకుంటుంది. అనుకోవడంలో ఆమె తప్పేముంది? ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు, ఇద్దరు దొంగల కోసం మనం మొత్తం సంతకే ముఖం చెల్లకుండా చేసుకుంటామా?

ఇంకొకటి, ఇంటి లోపలి సంగతి. అమెరికాలో కాలిఫోర్నియాలో 2 కోట్ల 60 లక్షల మంది పెద్దవాళ్ళ వివరాలు ఏళ్ళ తరబడి చూసి, 2020లో ఒక వైద్య పత్రికలో ఫలితాలు వేశారు. చేతి తుపాకీ ఉన్న మగవాళ్ళలో ఆ తుపాకీతో తమ ప్రాణం తామే తీసుకున్నవాళ్ళు, తుపాకీ లేనివాళ్ళతో పోలిస్తే ఎనిమిది రెట్లు. ఆడవాళ్ళలో ఇంకా ఎక్కువ. మనుషులు వేరు, దేశం వేరు అనొచ్చు. అప్పులు, పరీక్షలు, ఆలుమగల తగాదాలు, తాగుడు మన ఇళ్ళల్లో లేవా? దొంగ పదేళ్ళకోసారి వస్తాడు. కోపం, దిగులు వారానికోసారి వస్తాయి. సొరుగులో ఉన్న వస్తువు ఎవరికి ముందు అందుతుందో మీరే చెప్పండి.

“అయితే చేతులు కట్టుకుని కూర్చోమంటారా?” అని కుర్రాళ్ళు అడుగుతారు. అడగాలి కూడా. కష్టపడి సంపాదించిన డబ్బు పోతే కడుపు మండదా?

జవాబు మా ఉద్యోగంలోనే ఉంది. రోజూ నగదు చేతులు మారే పని రైల్వేది. దట్టమైన అడవి మధ్య చిన్న చిన్న స్టేషన్లు, రాత్రిళ్ళు ఒక్క మనిషి డ్యూటీ. ఏ బుకింగు గుమాస్తాకీ రివాల్వరు ఇవ్వలేదు. ఏం చేసేవాళ్ళం? రోజు వసూళ్ళు తోలు సంచిలో పెట్టి, సీలు వేసి, గార్డు బ్రేకు వ్యానులో ఉండే ఇనప క్యాష్ సేఫ్‌లో వేసేవాళ్ళం. సంచి లోపలికి జారుతుంది, దారిలో బయటికి రాదు. తాళం క్యాష్ ఆఫీసులోనే తీస్తారు. మెడ మీద కత్తి పెట్టినా గార్డు ఆ పెట్టె తెరవలేడు. తెరవలేడని అందరికీ తెలుసు. ఆ ఇనప పెట్టెలో ఉన్న బుద్ధి ఏ రివాల్వరులోనూ లేదు: మనిషి దగ్గర దోచుకోవడానికి ఏమీ ఉండకుండా చెయ్యి, మనిషి జోలికి ఎవడూ రాడు.

అదే మనం చేద్దాం. మా తరఫు తీర్మానం ఇది. దీన్ని కూడా ఆదివారం ఎజెండాలో పెట్టమని కార్యదర్శి గారిని కోరుతున్నాం.

ఒకటి. సంత నుంచి ఎవరూ ఒంటరిగా, చీకటి పడ్డాక, నగదుతో తిరిగి రాకూడదు. రెండు మూడు బండ్లు కలిసి బయల్దేరాలి. బయల్దేరేటప్పుడు గ్రూపులో ఒక మెసేజి, చేరగానే ఒక మెసేజి.

రెండు. అమ్మేవాళ్ళు ఒప్పుకున్న చోట ఫోను మీద చెల్లింపు, మిగతాది బ్యాంకు ద్వారా. నగదు ఎంత తగ్గితే ముప్పు అంత తగ్గుతుంది. పెద్ద మొత్తం ఏ రోజు ఎవరు తెస్తున్నారో టీ కొట్టులో చెప్పుకోవడం మానాలి. ఇలాంటి దోపిడీల్లో సమాచారం మన నోటి నుంచే బయటికి పోతుంది.

మూడు. బజారు వీధికి కలిసి ఇద్దరు రాత్రి కాపలాదారులు, మంచి దీపాలు, కెమెరాలు. ఒక రివాల్వరు ధరలో ఒక మనిషికి కొన్ని నెలల జీతం ఇవ్వొచ్చు. ఇరవై రివాల్వర్ల ధర ఎంతో లెక్క వేసుకోండి.

నాలుగు. సంత రోజుల్లో ఆ ఘాటు రోడ్డు మీద సాయంత్రం పోలీసు గస్తీ కావాలని ఎస్పీ గారికి అర్జీ. సంఘం లెటర్‌హెడ్ దీనికి వాడదాం. ఆ అర్జీ మీద ఆదివాసీ రైతులు, ఒడియా వ్యాపారులు కూడా సంతకం పెట్టాలి. సంత డబ్బుతో తిరిగి వెళ్ళే ఆదివాసీని కూడా అదే రోడ్డు మీద దోచుకుంటారని మనం మరిచిపోతున్నాం.

అయిదు. ఎవరైనా కత్తి చూపిస్తే సంచి ఇచ్చెయ్యాలి. 112కి ఫోను చెయ్యాలి. పోయిన డబ్బులో కొంత భాగం సంఘం నిధి నుంచి ఇచ్చే ఏర్పాటు ఉండాలి. ప్రాణం మీదికి తెచ్చుకోకుండా వచ్చినవాణ్ణి పిరికివాడని ఎవరూ అనకూడదు.

ఒకరిద్దరికి నిజంగా ప్రాణభయం ఉండొచ్చు. బెదిరింపులు వచ్చి ఉండొచ్చు. వాళ్ళు తమ కారణం తాము చూపించి, చట్టప్రకారం తామే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అది వాళ్ళ హక్కు, మేము అడ్డు చెప్పం. సంఘం పేరు, సంఘం ముద్ర మాత్రం దాని మీద పడకూడదు. ఈ సంఘం పెట్టింది ఉగాది చేసుకోవడానికి, పిల్లలకి తెలుగు అక్షరాలు నేర్పడానికి, ఎవరి ఇంట్లో చావు వచ్చినా నలుగురు మోయడానికి.

గట్టిగా రాశామని అనిపిస్తే అనిపించనివ్వండి. వ్యతిరేకంగా చెప్పేవాళ్ళు కింద రాయండి, చదువుతాం, జవాబిస్తాం. అయితే ఏ కంపెనీ, ఏ బోరు అని కాకుండా ఒక ప్రశ్నకి జవాబు రాయండి: నాలుగడుగుల్లో కత్తి పట్టుకుని ఉన్నవాడి ముందు, రసీదు పుస్తకాల కింద ఉన్న రివాల్వరు మీ చేతికి ఎన్ని సెకన్లలో వస్తుంది? సొరుగు తెరిచి, గడియారం పట్టుకుని, ఖాళీ చేత్తో ఒకసారి చూసుకోండి. ఆ తర్వాతే ఆదివారం చెయ్యి ఎత్తండి.